మీ అబ్బాయి ఈ రోజు రాలేదు

ఉద్యోగంలో చేరిన వారానికే నాకు బాగా వంటబట్టిన విద్య ఒకటుంది. ఏం చెడిపోయినా "సర్వర్ ప్రాబ్లమ్" అనడం. ఫోన్ చేసినవాళ్ళకు సర్వర్ కనబడదు. సర్వర్ వచ్చి "నేను కాదు" అని సాక్ష్యం చెప్పదు. ఇంతకంటే నమ్మకమైన తోడుదొంగ ఎక్కడ దొరుకుతాడు?

హనుమకొండలో ఒక బేకరీ పైన రెండు గదుల ఆఫీసు మాది. సార్, ఒక సీనియర్ అక్క, నేను. మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటానని సార్ మొదటిరోజే చెప్పాడు. ఆ గడువు శనివారంతో తీరిపోతుంది. ఈ గడువు సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. కొత్తవాడలో మా అమ్మ దర్రీ జంపఖానాలు నేసే మగ్గం మీద కూర్చునే, కొడుకు సాఫ్ట్‌వేర్ అయ్యాడని గల్లీ మొత్తానికి చాటేసింది. శనివారం నన్ను పొమ్మంటే ఆమె ఆ గల్లీలో ఎలా తిరుగుతుందో తలచుకుంటేనే నాకు భయం వేసేది.

అప్పుడు నా చేతికొచ్చిన పని హసన్‌పర్తి వైపున్న ఒక కాలేజీది. పిల్లలు క్లాసుకు రాకపోతే ఇంటికి మెసేజ్ పోతుంది. అప్పటిదాకా అది ఇంగ్లీషులో పోయేది. తల్లిదండ్రులకు అర్థం కావడం లేదు, తెలుగులో పంపండి అన్నారు కాలేజీవాళ్ళు. సార్ ఆ పని నాకిచ్చాడు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. ఎందుకంటే నేను చదివింది ఆ కాలేజీలోనే.

చదివింది అంటే, అప్పుడప్పుడు పోయింది. మా అమ్మకు తెలుగు చదవడం వస్తుంది, ఇంగ్లీషు రాదు. మెసేజ్ రాగానే ఫోన్ తెచ్చి నాకే ఇచ్చేది.

"ఏమొచ్చింది బిడ్డా?"

"రీచార్జ్ అయిపోతాందట అమ్మా."

కొన్ని వారాల్లో మూడేసి సార్లు అయిపోయేది. "గీ ఫోను మస్తు తింటాంది" అని అమ్మ ఫోన్‌నే తిట్టేది. నేను లోపల నవ్వుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే నా తెలివికి నాకే ముచ్చటేసేది.

పరీక్షించి చూసుకోవడానికి కాలేజీవాళ్ళు ఒక పాత బ్యాచ్ జాబితా ఇచ్చారు. తెరిచి చూస్తే మాదే! మా వాళ్ళందరి పేర్లు, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబర్లు. అక్క ముందే హెచ్చరించింది.

"టెస్ట్ చేసే ముందు గా నంబర్లన్ని తీసేసి నీ నంబరు పెట్టు. జర యాది పెట్టుకో."

"ఫికర్ చెయ్యకు అక్కా" అన్నాను.

"మీ అబ్బాయి ఈ రోజు కాలేజీకి రాలేదు" అని రాశాను. ఉప్పూ కారం లేనట్టనిపించింది. ఎలాగూ నాకొక్కడికే వస్తుంది కదా అని ఇంకో వాక్యం చేర్చాను: "ఏడ తిరుగుతాండో, ఏం తింటాండో దేవునికే ఎరుక." కింద మా ఆఫీసు నంబరు కూడా పెట్టాను. నవ్వుకుంటూ బటన్ నొక్కాను.

నా ఫోన్ వందసార్లు మోగాలి. ఒక్కసారీ మోగలేదు. ఆఫీసు ఫోన్ మోగింది. నంబర్లు మార్చలేదని అప్పుడు గుర్తొచ్చింది.

సార్ స్పీకర్ పెట్టాడు.

"మాకున్నది ఒక్క ఆడపిల్ల. పెండ్లయి కరీంనగర్ల ఉంటది. ఈ కొడుకు ఎవలు సారూ?"

తర్వాత పాలకుర్తి నుంచి ఒక పెద్దాయన: "మావోని చదువు ఒడిసి రెండేండ్లాయె. ఏడ తిరుగుతాండో దేవునికే ఎరుకనట! మీరు ఇప్పుడు సూసుకున్నరా?"

సార్ నా వైపు తిరిగాడు. "ఏందిది?"

"సర్వర్ ప్రాబ్లమ్ సార్."

"సర్వర్ దేవునికే ఎరుక అంటదా?"

"పాత డేటా ఏదో కలిసినట్టుంది సార్."

అక్క నా స్క్రీన్ చూసింది, నన్ను చూసింది. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి వినిపించిన గొంతు మా అమ్మది.

"సారూ, కాలేజోళ్ళేనా?" అని నా పేరు చెప్పింది. "మావోడు చదువు అయిపోయింది, కొలువు దొరికింది అన్నడు. రోజు పొద్దుగాల బువ్వ డబ్బ పట్టుకొని ఆఫీసుకని పోతాండు. వాడింక మీ కాలేజీలనే ఉన్నడా? పాస్ కాలేదా? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి సారూ, నేనేమనుకోను."

ఏమనుకోను అంటున్న గొంతు వణుకుతోంది.

"ఇంకోటి సారూ. గా ఎనుక మాట, ఏడ తిరుగుతాండో అన్నది, నాది. రోజు వాన్ని నేను తిట్టేది. మీకెట్ల తెలిసింది?"

సర్వర్ పని అక్కడితో అయిపోయింది. సార్ ఫోన్ నా ముందుకు జరిపాడు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుందేమో. కానీ అమ్మ ఆ మగ్గం దగ్గర కూర్చుని, కొడుకు తనను రెండేళ్ళు మోసం చేశాడని ఏడుస్తుంది.

"అమ్మా, నేనే. ఆఫీసులనే ఉన్న. పాసయిన, కొలువు నిజమే. గా మెసేజ్ నేనే రాసిన, నేనే తప్పు నొక్కిన. సర్వర్‌ది ఏం లేదు." చివరి మాట సార్‌ను చూస్తూ అన్నాను.

సార్ జాబితా ప్రింటు తీసి నా ముందు పడేశాడు. "అందరికి ఫోన్ చేసి తప్పయిందని చెప్పు. ఒక్కల్ని ఇడిసిపెట్టినా సోమవారం రాకు."

అంటే చెప్తే రావచ్చన్నమాట. నా ప్రాణం లేచొచ్చింది. జాబితా అందుకుంటుంటే స్పీకర్‌లో గొంతు వినిపించింది. అమ్మ ఇంకా ఫోన్ పెట్టలేదు.

"బిడ్డా, ఇయ్యాల తెలుగుల వచ్చింది గనుక నేనే సదువుకున్న. అప్పట్ల ఇంగ్లీషుల వచ్చినయి... అన్ని రీచార్జ్‌వేనా?"

అక్క టైపు చేయడం ఆపేసింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"కాదమ్మా."



"తీసేసుడు నాకు రాదు. గవన్ని ఫోన్లనే ఉన్నయి. ఇంటికొచ్చినంక ఒక్కొక్కటి సదివి చెప్పు, ఈసారి నిజంగ."