రెండు బంధాలు, ఒక గీత

2022లో, ఆషాఢం మొదలైన వారంలో జరిగిన సంగతి ఇది. అప్పటికి పదేళ్లుగా మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో డేటా పని చేస్తున్నాను. పెద్ద ఆఫీసేమీ కాదు. మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, నేను. కాగితాల మీది వివరాలు ఇస్తే కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసిపెడతాను. మా పుట్టిల్లు విరూర్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు చదవడం మా అమ్మ పట్టుబట్టి నేర్పింది.

ఆ ఏడాది ఒక స్వచ్ఛంద సంస్థ రాజురా వైపు పల్లెల్లో సికిల్ సెల్ పరీక్షలు చేస్తోంది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు అది. కొందరిలో దాని అంశ మాత్రమే ఉంటుంది, వాళ్లను క్యారియర్లు అంటారు. వాళ్లకు సాధారణంగా ఏ బాధా తెలియదు. కానీ భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే బిడ్డకు జబ్బే రావచ్చు. అందుకని ఒకరిలో బయటపడగానే వాళ్ల రక్తసంబంధీకులను పిలిచి పరీక్ష చేస్తారు. ఎవరెవరిని పిలవాలో జాబితా తీసి ఇవ్వడం నా వంతు.

దానికి పైథాన్‌లో ఒక లైబ్రరీ వాడాను. లైబ్రరీ అంటే ఇంకొకరు రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, మనం విప్పి వాడుకోవడమే. ఈ లైబ్రరీ గ్రాఫ్ తయారుచేస్తుంది. ప్రతి మనిషీ ఒక చుక్క, దాన్ని నోడ్ అంటాం. ఇద్దరి మధ్య బంధం ఒక గీత, అది ఎడ్జ్. ఆ గీత మీద కొడుకు, చెల్లెలు, అత్త అని బంధం పేరు ఉంటుంది. అంతా అయ్యాక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, రక్తసంబంధపు గీతలు పట్టుకుని పేర్లు ఏరుతాను. విరూర్ జాబితా రెండు రోజుల ముందే పంపేశాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదని నాకు గర్వంగానే ఉండింది.

విరూర్‌లో రక్తపరీక్షల శిబిరం రోజు పొద్దున టీ తాగుతూ ఊరికే లెక్క చూశాను. సర్వే కాగితాల్లో ఉన్న బంధాలకంటే ఫైలులో గీతలు తొమ్మిది తక్కువున్నాయి. ఆ లెక్క పంపకముందే చూసుకోవాల్సింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు పాత అలవాటు. టీ పక్కన పెట్టి కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాను.

మొదటిది దొరికింది. పద్మ అనే అమ్మాయికి మల్లయ్య అనే ఆయనతో రెండు బంధాలు రాసి ఉన్నాయి, మరాఠీలో. ఒక వరుసలో ‘మామా’, అంటే మేనమామ. కింద అత్తవారి వైపు వరుసలో ‘సాసరా’, అంటే భర్త తండ్రి. మేనరికం! నేను ఎంచుకున్న రకం గ్రాఫ్‌లో ఇద్దరి మధ్య ఒక్క గీతకే చోటు. రెండోది ఇస్తే అది కాదనదు, కుర్చీలో ఉన్నవాణ్ని చప్పుడు లేకుండా లేపి కొత్తవాణ్ని కూర్చోబెడుతుంది. మేనమామ పోయి మామగారు మిగిలాడు. మామగారితో రక్తసంబంధం లేదు కాబట్టి పద్మ పేరు జాబితాలోకి రాలేదు. మల్లయ్యేమో క్యారియర్. పద్మ తల్లి సరిహద్దు అవతల తెలంగాణలో ఉంటుంది, సర్వేలో లేదు. ఆ చెరిగిన గీత తప్ప పద్మను చేరే దారి లేదు.

ఎన్నేసి గీతలైనా పట్టే గ్రాఫ్ కూడా అదే లైబ్రరీలో ఉంది. మా పెద్దక్క చేసుకున్నది మేనమామ కొడుకునే. అయినా నాకు తట్టలేదు. సిగ్గుతో, భయంతో మల్లయ్యకు ఫోన్ చేశాను.

“కాకా, పద్మకు నువ్వు ఏ మామవు?”

“ఏ మామ ఏంది బిడ్డా? మామను.”

“మేనమామవా, పెండ్లితోని అయిన మామవా?”

“రెండూ నేనే. మా అక్క బిడ్డను నా కొడుక్కు చేసుకున్న. గదెందుకు గిప్పుడు?”

“ఆమెకు గూడ రక్తపరీక్ష చేయాలె. ఇంట్ల ఉందా?”

“లేదు. కొత్త కోడలు గదా, ఆషాఢమని తల్లిగారింటికి పోతుంది. మా కొడుకు మహేశే స్టేషన్‌కు తోల్కపోయిండు.”

“ఒక్కసారి వెనుకకు పిలువు కాకా.”

“గడప దాటినంక పిలుస్తరా? అత్తకోడండ్లు ఒక్క గడపల ఉండద్దు. నెల కాంగనే వస్తది, అప్పుడు చేద్దురు.”

జబ్బు సంగతి వివరంగా చెప్పాను. అప్పుడాయన గొంతు బాగా తగ్గించి అన్నాడు: “ఇంకా ఎవ్వలకు చెప్పలే బిడ్డా. పిల్లకు రెండో నెల.”

మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయట పెట్టరు మావాళ్లు. అందుకే ఏ దవాఖాన కాగితంలోనూ ఆమె లేదు. ఇప్పుడు రైలెక్కితే నెల పోతుంది, రిపోర్టుకు ఇంకొన్ని రోజులు. డాక్టర్లకు ఎంత ముందు తెలిస్తే అంత మేలు.

శిబిరంలో ఉన్న నర్సు శాంతక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

“నిన్ను తర్వాత తిడ్త సుమతీ,” అంది. “ఇంటికి రావద్దంటే స్టేషన్‌లనే తీస్త. స్టేషన్‌కు గడప లేదు గదా!”

ఆ తర్వాత ఆమె ఫోన్ ఎత్తలేదు. మిగిలిన ఎనిమిది గీతలూ వెతికాను. అందులో పరీక్ష అవసరమైనవాళ్లు ఇద్దరే, వాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఆ పేర్లు పంపి గదిలో అటూ ఇటూ తిరిగాను. బండి వచ్చేసి ఉంటుందా? పద్మ చెయ్యి ఇవ్వనంటే? ఒక్క లైను ప్రోగ్రాంలో వేరే పదం రాసి ఉంటే ఈ పరుగంతా లేదు గదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. గంట తర్వాత ఫోన్ మోగింది.

“తీసిన. బెంచీ మీద కూసోబెట్టి ఇద్దరికీ తీసిన,” అంది శాంతక్క. “బండి లేటు. నీ నసీబ్ మంచిగుంది.”

రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఆ రోజుల్లో అంతకుముందు చేసిన ఊళ్ల జాబితాలన్నీ మళ్లీ తీశాను. దొరికిన పేర్లన్నీ శాంతక్కకు ఇచ్చాను, ఒక్కో పేరుకూ తలదించుకునే. చివరికి తెలిసింది: పద్మ క్యారియర్, మహేశ్ కాదు. బిడ్డకు ఆ జబ్బు వచ్చే భయం లేదన్నారు. వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

రెండు రోజులకు పద్మే ఫోన్ చేసింది.

“అక్కా, నా పేరు ముందుగాల ఎందుకు రాలే?”

దాచలేదు. ఇద్దరి మధ్య రెండు బంధాలుంటే నా పనిలో ఒకటి చెరిగిపోయిందని చెప్పాను.

“ఏది చెరిగింది?”

“మేనమామ.”

“అంటే అత్తగారి దిక్కుది ఉంచి, మా అమ్మ దిక్కుది తుడిచేసినవా?” అంది. “నువ్వు గూడ ఆడపిల్లవే గదక్కా.”

కాగితంలో అత్తవారి వరుస కింద ఉంటుంది, కింద ఉన్నదే నిలుస్తుంది అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ తొమ్మిది గీతలనూ మళ్లీ ముందేసుకుని చూశాను. తొమ్మిదింటిలోనూ పోయింది పుట్టింటి బంధమే. కంప్యూటర్‌కు ఆడా మగా తెలియదు, కాగితం అలా గీసింది మనుషులు, కళ్లు మూసుకుని ఎక్కించింది నేను. అప్పటినుంచి ఎర్రర్ రాలేదని సంబరపడటం మానేశాను. ఏ బంధం చెరిగిపోతుందో చూసుకోకుండా ఒక్క ఫైలు కూడా గది దాటనివ్వను.