ఉచ్చమంటా, నా తోడికోడలి మొగుడి బీడీలూ

నా తోడికోడలిని చూస్తే నాకు ఓర్వలేనితనం. ఆమె నగలు చూసి కాదు, నాకంటే రంగు తేలిందనీ కాదు. ఆమె మొగుడు బీడీలు తాగుతాడు, నా మొగుడు తాగడు. అందుకు.

నవ్వులాటకు రాయడం లేదు. ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ఒకే పడసాలలో రెండు మగ్గాలు. ఒకదాని మీద నేనూ మా ఆయనా, ఎదురుగా రెండోదాని మీద మా మరిదీ ఆయన పెండ్లామూ. పెద్దంచు చీరకు ఇద్దరు కూర్చోవాలి. చీర నడుమ భాగం మగవాడు నేస్తుంటే, అంచు రంగు వేరు కాబట్టి ఆ రంగు పట్టుపోగు చుట్టిన నాడెను పక్కన కూర్చున్న ఆడది విసరాలి. ఆమె చెయ్యి ఆగితే మగ్గం ఆగుతుంది.

మరిదికి కాసేపటికోసారి బీడీ కావాలి. ఆయన లేచి వీధిలోకి పోగానే ఆమె పెరట్లో తడిక చాటున ఉన్న బచ్చలిలోకి ఒంటికి పోయేది. వచ్చి కడవలో చెంబు ముంచి గటగటా తాగి మళ్ళీ కూర్చునేది. మా ఆయనకు బీడీ లేదు, టీ లేదు, సారా లేదు. పొద్దున మగ్గం గుంతలో కాళ్ళు పెడితే సంగటి తినే వేళకు తప్ప తీసేవాడు కాదు. ఆ కాసేపూ నాకు వడ్డించడంతోనే సరిపోయేది. "అట్లాంటి మొగుడు ఎవురికి దొరుకుతాడే" అని వీధిలో ఆడవాళ్ళు నాతో అనేవాళ్ళు. నేను ఎదుటి మగ్గం వైపు చూసేదాన్ని.

లేస్తానంటే "ఇంకొక జానెడు కానీ" అనేవాడు. ఆ జానెడు అయ్యాక ఇంకో జానెడు. అందుకని నీళ్ళు తాగడమే మానేశాను. ఆ కరువు ఏళ్ళలో నీళ్ళు తాగని కోడలంటే మా అత్తకూ ముద్దే, బిందె మిగిలేది.

ఉచ్చ అని రాస్తున్నందుకు ఎవరూ ముఖం చిట్లించొద్దు. మూత్రం అనే మాట నలభై దాటాక, రాత్రిబడిలో అక్షరాలతో పాటు నేర్చుకున్నాను. ఆ రోజుల్లో నాకు మండింది ఉచ్చే.

పోసేటప్పుడు మంట. చుక్కచుక్కగా రావడం, వచ్చి కూర్చోగానే మళ్ళీ పోవాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి. అత్త నా కాలి బొటనవేళ్ళకు సున్నం రాసింది.

"వేడి చేసింటాదిలే. బార్లీ నీళ్ళు తాగు."

"తాగితే లేవల్ల గదత్తా."

"అయితే గుక్కెడే తాగు."

తోడికోడలు చెంబు నిండా నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. "తాగక్కా. మా ఆయప్పకు చెప్తా, బావకు గూడా బీడీ నేర్పిస్తాడులే."

మరిది పకపకా నవ్వాడు. ఆ నీళ్ళు తీసుకుపోయి, ఆమె చూస్తుండగానే కరివేపాకు చెట్టుకు పోశాను.

ఒక మధ్యాహ్నం, రాళ్ళు పగిలే ఎండలో, నాకు చలి పుట్టింది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. నడుముకు ఒక పక్క పొడిచినట్టు నొప్పి, వాంతులు. అప్పుడు తీసుకుపోయారు ఆసుపత్రికి.

"రోజుకు ఎన్నిసార్లు పోతావు?" అని అడిగింది డాక్టరమ్మ.

"పొద్దున లేస్తానే ఒగసారి. మళ్ళా దీపాలు పెట్టినాక."

ఆమె నా ముఖం వైపు చూసింది. "ఇది వేడి కాదమ్మా. కంటికి కనపడని పురుగులు. నీళ్ళు తాగక, గంటలకొద్దీ బిగబట్టుకుంటే అవి లోపల పెరుగుతాయి. నీకు కిడ్నీ దాకా ఎక్కాయి."

ఉచ్చ పరీక్ష చేయించి, సూదులు వేసి, మాత్రలు ఇచ్చింది. నీళ్ళు బాగా తాగాలి. వచ్చినప్పుడు ఆపుకోకూడదు. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. మొగుడి దగ్గర పడుకున్నాక లేచి పోసి రావాలి. మంట తగ్గినా మాత్రలు చివరిదాకా మింగాలి.

"నేను లేస్తే మగ్గం నిలబడిపోతాది మేడం."

"నువ్వు చస్తే నడుస్తుందా?"

"ఇంకోదాన్ని తెచ్చుకుంటాడు మేడం."

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

జ్వరం దిగగానే మాత్రలు ఆపేశాను, మళ్ళీ వస్తే పనికొస్తాయని దాచుకున్నాను. మా ఇళ్ళలో మందు దాచుకోవడం జాగ్రత్త కింద లెక్క. అది మళ్ళీ వచ్చింది, మునుపటికంటే గట్టిగా. దాచిన మాత్రలు మింగినా లొంగలేదు. మళ్ళీ ఆమె దగ్గరికే పోయాం. "సగంలో ఆపితే మిగిలిన పురుగులు మందుకే మొండికేస్తాయి. ఇంకోసారి ఇట్లా వస్తే నీ కిడ్నీకి నేను పూచీ కాదు" అని కసిరింది. ఈసారి మందు మార్చింది. చివరి మాత్ర దాకా మింగాను.

ఒళ్ళు కుదుటపడి మళ్ళీ మగ్గం ఎక్కాను. డాక్టరమ్మ చెప్పినట్టు నీళ్ళూ తాగాను. ఎదుటి మగ్గం మీద మరిది లేచాడు. వెనకాలే ఆమె లేచింది. నా పొత్తికడుపు బరువెక్కి ఉంది. ఆమె చీర కుచ్చెళ్ళు పెరటి గడప దాటుతుంటే చూస్తూ కూర్చున్నాను.

"ఇంకొక జానెడు," అన్నాడు మా ఆయన, నేను నోరు తెరవకముందే.

నాడె కింద పెట్టి లేచాను.

"ఏమే, యాడికి పోతాండావు? ఎవురు లెయ్యమన్నారు నిన్ను?"

"నీ తమ్మున్ని బీడీ లెయ్యమనింది. నన్ను ఉచ్చ లెయ్యమనింది."

"వానికి బుద్ధి లేదు."

"వాని పెండ్లానికి రోగమూ లేదు."

పెరట్లోకి పోతే బచ్చలికి తడిక వేసి ఉంది. లోపల ఆమె. అక్కడా నాకంటే ముందే.

"బయటికి రావే," అన్నాను.

"ఎవురూ, అక్కా? నువ్వు లేచినావా!"

ఆ గొంతులో సంతోషం కూడా నాకు గిట్టలేదు. ఆమె తడిక తీసి పక్కకు జరిగింది. "నిదానంగా పోక్కా. నాకేం తొందర లేదులే."

నేను లోపల కూర్చున్నానో లేదో పడసాలలో మా ఆయన మగ్గం పలకను దబదబా కొట్టడం మొదలుపెట్టాడు, రమ్మని. కొట్టుకోనీ అనుకున్నాను. ఒక్క చుక్క మిగలకుండా అయ్యాకే లేచాను.