కడప రోడ్డు మీద ముగ్గు

మర్నాడు పెయింటర్లు వస్తారనగా నేను కర్నూలు బస్టాండులో ఉన్నాను. ఆమధ్య మా కాలనీ ముందు రోడ్డు దాటుతుంటే పక్కింటి రషీదాను బైకు కొట్టింది. కాలికి కట్టుతో మంచం పట్టింది. ఇంకెవరికీ అలా కాకూడదని, దాటేచోట పెద్ద రంగుల ముగ్గు వేయించాలని కాలనీవాళ్ళం అనుకున్నాం. ఆలోచన నాదే. కడపలో ఒక బడి ముందు అలాంటిది వేశారని ఫోన్లో ఫొటో చూపించి అందరినీ ఒప్పించాను. తీరా రంగులు కొన్నాక గుబులు పట్టుకుంది. కళ్ళారా చూడకుండా ఎలా వేయించడం? పొద్దున్నే ఆరింటి బస్సెక్కేశాను.

కిటికీ పక్క సీటే దొరికింది కానీ కుదురుగా కూర్చోలేకపోయాను. ఫొటో చూడడం, ఫోను సంచిలో పెట్టడం, మళ్ళీ తీయడం. ఆళ్ళగడ్డ దాటాక పక్కనున్న పెద్దావిడ అడగనే అడిగింది.

"ఏంటికమ్మా అట్ల కదులుతాండావు? ఎవురికన్నా బాగలేదా?"

"కడపలో రోడ్డు మీద ముగ్గేసినారంట. చూడనీకి పోతాండానవ్వా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీ ఊర్లో ముగ్గులేసేటోళ్ళు లేరా?"

మైదుకూరులో బస్సు కాసేపు ఆగింది. బస్టాండు పక్కన ఇడ్లీ బాగుంటుంది, చట్నీ మాత్రం మంట. సగం తిని పరుగున వచ్చి చూస్తే డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడు.

కడప చేరేసరికి పదకొండు దాటింది. ఆటోలో బడి దగ్గరికి పోయాను. ముగ్గు ఫొటోలో కంటే బాగుంది. ఈ చివర నుంచి ఆ చివరదాకా తామరపూలు, చుట్టూ తీగలు. బండ్లన్నీ దాని ముందు నెమ్మదిస్తున్నాయి. నా ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి గాని గమనించలేదు, దాని మీద ఒక్కరూ నడవడం లేదు. అన్నానికి పిల్లను ఇంటికి తీసుకుపోతున్న ఒకామె ముగ్గు దాకా వచ్చి, పిల్ల చెయ్యి లాగి, పక్కనుంచి బండ్ల మధ్యకు దిగింది. ఒక ఆటో కీచుమని ఆగింది.

ఇవతలికొచ్చిన ఆమెను, "నడిచేదానికే గదమ్మా వేసింది?" అని అడిగాను.

"ముగ్గును యాడన్నా తొక్కుతారాక్కా?"

ఆటో అతను తల బయటపెట్టాడు. "మాకే దాని మీదికి బండి ఎక్కియ్యాలంటే మనసొప్పదు. కాలు బ్రేకు మీదనే ఉంటాది."

నేను నడిచి చూపిద్దామని బయల్దేరాను. తామరపువ్వు దగ్గరికి రాగానే నా కాలూ పక్కకే జరిగింది. కాలనీ అందరినీ ఒప్పించినదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను.

తిరుగు బస్సులో రషీదాకు ఫోన్ చేసి, జరిగింది చెప్పి, "మేం తొక్కం సరే, మీరన్నా తొక్కుతారా?" అన్నాను.

"మీ ముగ్గు తొక్కితే మీరేమనుకుంటారో అని మేమూ పక్కకే పోతామప్పా" అని నవ్వింది. "తొక్కేదానికి మా జంఖానా ఉండాది గదా. రంగు చారలు. పెండ్లిలో పరిస్తే ఊరంతా దాని మీదనే."

నంద్యాల వచ్చేలోపు పెయింటరుతో మాట్లాడాను. మనుషులు నడిచేచోట జంఖానా చారలు, బండ్లు వచ్చే రెండు పక్కలా ముగ్గు. అతను గొణిగాడు, ఒప్పుకున్నాడు.

కడప ముగ్గు చూడదగ్గదే. అటు పోయేవాళ్ళు చూసి రండి, రోడ్డు మాత్రం జాగ్రత్తగా దాటండి. కర్నూలు దీపాలు కనబడుతుండగా రషీదానే ఫోన్ చేసింది.

"చారలు రోంత వెడల్పుగా ఏపియ్యి. కట్టు విప్పినంక నేను చేతికర్రతో రావల్ల గదా."