బరిలోకి విసిరిన టోపీ

తెల్లాపూర్‌లో మా గేటెడ్ కమ్యూనిటీ సంఘానికి రెండేళ్ళకోసారి ఎన్నికలు వస్తాయి. ఓటింగు మాత్రం ఎన్నడూ జరగలేదు. ప్రతిసారీ ఏకగ్రీవమే. ఎవరైనా పొరపాటున నామినేషన్ వేస్తే, పెద్దలు నలుగురు స్వీట్ బాక్సుతో వాళ్ళింటికి వెళ్ళి వెనక్కి తీసుకునేలా చేస్తారు. అలా ఒకాయనే ఆరేళ్ళుగా అధ్యక్షుడు.

ఆయన మీద నాకు కోపం ఉంది. మా బాత్రూం కప్పు కారుతోందని సమావేశంలో లేచి చెబితే, "కూసోమ్మా, మీ సార్‌ను పంపియ్యి, మాట్లాడుతం" అన్నాడు. ఫ్లాటు నా పేరు మీద ఉంది. ఆ మాట అని రెండేళ్ళయింది. నాకు నిన్న అన్నట్టే ఉంది.

ఈసారి వాట్సాప్ గ్రూపులో ఆయనే ఇంగ్లీషులో అడిగాడు, ఎవరైనా 'త్రో యువర్ హ్యాట్ ఇంటు ద రింగ్' చేస్తారా అని. ఎవరూ చెయ్యరన్న ధీమా. ఆ మాట ఎక్కడిదో వెతికాను. పూర్వం ఇంగ్లండు సంతల్లో ముష్టియుద్ధం చేసేవాడొకడు జనం మధ్య నిలబడి, తనతో ఎవరు తలపడతారని సవాలు చేసేవాడట. ఆ గోలలో 'నేను' అని అరిచినా వినబడదు. అందుకని పోటీకి సిద్ధమైనవాడు తన టోపీ తీసి బరిలోకి విసిరేవాడట. ఇప్పుడు ఎన్నికల్లో దిగేవాళ్ళకూ అదే మాట వాడుతున్నారు. నాకు నచ్చింది. నా గొంతు మాత్రం ఇక్కడ ఎవరికి వినబడింది?

నామినేషన్‌కు ఇంకో యజమాని సంతకం కావాలి. పక్క ఫ్లాటు పెద్దావిడ ఇక్కడి మనిషే. ఈ టవర్లు లేవకముందు ఇక్కడే వాళ్ళ పొలం ఉండేది.

"నేను పెడత దస్కత్. గాని బిడ్డా, పొద్దుగూకే సరికి వస్తరు. మెత్తబడకు" అంది.

వచ్చారు. స్వీట్ బాక్సు, దాని మీద నా పేరుతో టైపు చేసిన ఉపసంహరణ పత్రం. సంతకం ఒక్కటే తక్కువ.

"అందరం ఒక కుటుంబం లెక్క ఉన్నం. మనల మనకు పోటీ ఏందమ్మా? బయట తెలిస్తే ఇజ్జత్ పోతది" అన్నాడు అధ్యక్షుడు.

"కుటుంబమైతే రెండేళ్ళుగా మా కప్పు చూడ్డానికి ఒక్కరూ రాలేదేమండీ?"

"గా పని రేపే చేయిస్తం. నువ్వు సంతకం పెట్టు."

"రేపు చేయించండి. సంతకం పెట్టను."

"సార్ లేడా ఇంట్ల?"

"ఉన్నారు, దోసెలు వేస్తున్నారు. నామినేషన్ వేసింది ఆయన కాదు."

వాళ్ళు వదిలేసిన స్వీట్ బాక్సును లిఫ్టు దాకా వెళ్ళి వాళ్ళ చేతిలోనే పెట్టి వచ్చాను.

నోటీసు బోర్డు మీద మొదటిసారి రెండు పేర్లు ఉన్నాయి. వచ్చే ఆదివారం ఓటింగు. గెలుస్తానో లేదో తెలియదు. గెలవకపోతే రెండేళ్ళకు మళ్ళీ వేస్తాను.

ఇవాళ పొద్దున అధ్యక్షుడు మా అంతస్తుకు వచ్చి పక్క తలుపు కొట్టాడు.

"అమ్మా, జర మీ ఓటు..."

"ఆరేండ్లకు ఇయ్యాల కొట్టినవ్ సారూ మా తలుపు. లోపలికి రా, కూసో. మాటిమాటికి ఆగే లిఫ్టు సంగతికెల్లి మొదలుపెడత."

తలుపు మూసుకుంది. అరగంటైనా ఆయన బయటికి రాలేదు.