సాతంరాయి కాడ అడ్డం పడ్డ లారీ

మా అక్క ఎలా పోయిందని మా ఇంట్లో ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు: "సాతంరాయి కాడ లారీ అడ్డం పడ్డది. దవాఖానకు తీస్కపోయే జీపు కదలలే. లేకుంటే బతుకుతుండె."

ఉత్త మాట. లారీ పడింది ఆ ఒక్క రోజు. అంతకు ముందు వారమంతా అక్క తలకు తువ్వాల బిగించి కట్టుకునే తిరిగింది. "కండ్ల ముంగట మెరుపులొస్తున్నయే" అని నాతోనే అంది. ఏడో నెలలో గాజులు తొడిగిన రోజు, ఆమె ఎప్పుడూ వేసుకునే సైజు గాజులు పిడికిలి దాటలేదు. సబ్బు నురగ రాసి ఎక్కించారు. "తల్లిగారింటి తిండి మంచిగ వంటబట్టింది" అని ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఎనిమిదో నెలలో ఫిట్స్ వచ్చి కడుపులో బిడ్డతో సహా పోయింది. దవాఖాన కాగితం మీద బీపీ అని స్పష్టంగా రాసి ఉంది. ఆ కాగితం చదవగలిగింది ఇంట్లో నేనొక్కదాన్నే.

రెండేళ్లకు నాకూ కానుపు ముందు బీపీ పెరిగింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు, ఇద్దరం బతికాం. దానికీ ఒక కారణం దొరికింది మావాళ్లకు: ఉప్పు ఎక్కువ తిన్నానట!

ఆ బిడ్డకే సంబంధం చూసినప్పుడు, షాద్‌నగర్ నుంచి వచ్చిన పెళ్లివారు అడగకముందే మా అమ్మ అందుకుంది: "మా ఖాందాన్ల బీపీ లేదు, షుగర్ లేదు." నేను నోరు తెరవబోతే తొడ మీద గిల్లింది. ఊరంతటికీ ఎదురు చెప్పేదాన్ని, ఆ రోజు మాత్రం ఊరుకున్నాను. దానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఇప్పుడు ఆ బిడ్డ కడుపుతో ఉంది, మూడో నెల. ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర గంటలకొద్దీ నిలబడే ఉద్యోగం. మొన్న శంషాబాద్‌లో డాక్టరమ్మ అడిగింది, ఇంట్లో ఎవరికైనా గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా అని. బిడ్డకు ఒక పక్క మా అమ్మ, నేను, ఇంకో పక్క వియ్యపురాలు. పెళ్లిచూపుల్లో ఆడిన అబద్ధాన్ని దవాఖానలోనూ కాపాడాలి కదా! "ఎవ్వరికి లేదు మేడం" అంది అమ్మ, నా కాలు తొక్కుతూ.

"ఉంది మేడం. నాకొచ్చింది. మా అక్క దాంతోనే పోయింది."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఇది ముందే తెలియాలమ్మా. అమ్మాయికి తప్పకుండా వస్తుందని కాదు. కానీ ఇప్పుడే జాగ్రత్తపడాలి." రోజుకో చిన్న ఆస్పిరిన్ గోలీ రాసింది. బీపీ తరచూ చూపించుకోవాలని, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, ముఖం, చేతుల వాపు ఏది వచ్చినా ఆగకుండా రావాలని చెప్పింది. తర్వాత వియ్యపురాలి వైపు తిరిగింది: "అబ్బాయి కడుపులో ఉన్నప్పుడు మీకేమైనా? పుట్టబోయే బిడ్డకు తండ్రి వైపు సంగతి కూడా కావాలి."

"మాకేం లేదు." మా అమ్మ ఎంత గబుక్కున అందో ఈమె కూడా అంతే గబుక్కున అంది.

బయటికి రాగానే నా మీద పడింది. "గింత సంగతి దాచి పిల్లనిచ్చిన్రా వదినా?"

"దాచినం వదినా, తప్పే. మరి అల్లుడు ఎనిమిదో నెలల్నే పుట్టిండట గద? పట్నంల నెలరోజులు అద్దాలపెట్టెల పెట్టిన్రట. ఆయనే చెప్పిండు."

"ఆటో గుంతల పడ్డది. గందుకే నొప్పులొచ్చినయి" అంటూ చేతిసంచి జిప్పు లాగేసి ముందుకు నడిచింది.

మాకు సాతంరాయి లారీ, వాళ్లకు షాద్‌నగర్ రోడ్డు గుంత. నా బిడ్డకు ఇంకా ఆరు నెలలు గడవాలి. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు గనుక ఇక్కడే అడుగుతున్నాను: వదినా, ఆ ఆటో గుంతలో పడకముందు వారం, నీ చేతికి గాజులు పట్టినయా?