రామచంద్రం సారు పళ్లెం పాఠం

రామచంద్రం సారుకు చప్పుడు కావాలి. అందరికీ వేళకు టీ కావాలి, నిద్ర కావాలి; ఈయనకు వాటికంటే ముందు చప్పుడు కావాలి. ఆన్‌లైన్ క్లాసులో అర నిమిషం ఎవరూ పలకలేదంటే చాలు, కొంప మునిగినట్టు కంగారుపడి "ఉన్నరా? ఉంటే కొట్టుర్రి!" అని కరీంనగర్ ఆఫీసు గదిలోంచి ఒక్క కేక పెడతాడు. అంతే. పెద్దపల్లి నుంచి జైనూర్ దాకా నలభై హాస్టళ్ల వంటగదుల్లో నలభై గంటెలు నలభై స్టీలు పళ్లేల మీద ఒక్కసారే మోగుతాయి.

ఆ మోత మొత్తం వచ్చిపడేది మమతారాణి చెవుల్లో. లాప్‌టాప్ ముందు కూర్చుని హాజరు తీయడం, మైకులు చూసుకోవడం, చివర్లో హైదరాబాదుకు రిపోర్టు పంపడం ఆమె కొత్త కొలువు. బడి హాస్టళ్ల వంటవాళ్లకు ఆహారభద్రత నియమాల మీద పది రోజుల శిక్షణ అది. పదో రోజు పరీక్ష. పాసైతే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే వచ్చే ఏడు వంటగదిలో పని. ఇంత ముఖ్యమైన శిక్షణను ఈ పెద్దమనిషి పెళ్లి ఊరేగింపు చేసిపెట్టాడే అని ఆమె మంట.

"సార్, చాట్ బాక్స్ ఉన్నది గద. జవాబులు అండ్ల టైపు చెయ్యమందం" అంది మొదటిరోజే.

"టైపు చేస్తే నాకు ఇనవడ్తదా బిడ్డా? అవునంటే ఒక్క దెబ్బ, కాదంటే రెండు దెబ్బలు. చేతుల గంటె వట్టుకున్నోళ్లకు నిద్రొస్తదా?"

నిజం చెప్పుకోవాలి, ఆయన క్లాసులో కునికిన మనిషి లేడు. "పచ్చికోడి కోసిన కత్తిపీటతోని కడగకుండ టమాట కోయొచ్చా?" అని అడగడమే ఆలస్యం, అన్ని ఊళ్ల నుంచీ రెండేసి దెబ్బలు. ఆ మోతలో ఎక్కడో ఒక పళ్లెం ఒక్కసారే మోగిందో, సారు వదిలిపెట్టడు. "ఎవలది గా ఒక్క దెబ్బ? మీ హాస్టల్‌ల భోజనానికి నన్నెప్పుడు పిలవకుర్రి, మీకో దండం!" అంటాడు. నలభై వంటగదులూ గొల్లుమంటాయి.

మొదటి మూడు రోజులూ బళ్లకు దసరా సెలవులు కాబట్టి సాఫీగా గడిచింది. నాలుగో రోజు బళ్లు తెరిచారు. హాస్టల్లో పళ్లెం మీద గంటె మోగిందంటే అన్నం పెడుతున్నారనే కదా అర్థం. ఆ సంగతి సారుకూ తట్టలేదు, పెద్దపల్లి హాస్టల్లో ఇరవై ఏళ్లుగా వండుతున్న మహబూబ్‌బీకీ తట్టలేదు. పొద్దున పదిన్నరకు ఆమె హుషారుగా రెండు వాయించిందో లేదో, తెర మీద ఆమె వెనకున్న వాకిలి నిండా పిల్లలు.

"సార్! పోరలందరు పల్లేలు వట్టుకొని లైన్ గట్టిండ్రు సార్!"

"ఏం గాదు, జర ఆగుమను."

"ఎక్కడాగుతరు సార్, పరేషాన్ జేస్తుండ్రు! బియ్యమింక పొయ్యెక్కలే! లెక్కల సారు సుత లైన్ల నిలవడ్డడు!"

ఇక ఆ బడి పెద్ద మేడమ్ ఊరుకుంటుందా? ఫిర్యాదు నేరుగా హైదరాబాదుకు పోయింది. మధ్యాహ్నం కాకముందే పెద్దాఫీసు నుంచి భానుప్రసాద్ ఫోన్. ఈ శిక్షణలన్నింటికీ ఆయనే పైఅధికారి.

"రామచంద్రంగారూ, ఇవాళ్టితో పళ్లేలు ఆపేయండి. జవాబులు చాట్‌లో టైపు చేయించండి. పరీక్ష కూడా అందులోనే. టైపు చేయనివాళ్లకు సర్టిఫికెట్ లేదు."

"కావాల్నంటే పల్లెం మీద గుడ్డ ఏసి కొట్టిస్త సార్. బంద్ మాత్రం జెయ్య."

"మెమో ఇవ్వాల్సొస్తుంది!"

"ఇయ్యుర్రి సార్, నా ఫైల్ల ఇంక జాగ ఉన్నది."

మమతారాణికి ఒళ్లు మండిపోయింది. ఈయన సరదాకు పాపం వంటవాళ్ల పొట్ట కొడతాడా? ఆయన పాటికి ఆయన పళ్లేల మీద తుండుగుడ్డలు వేయించి డబడబమని పాఠం నడుపుతుంటే, ఈమె ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చాట్‌లో కూడా జవాబు పెట్టండని బతిమాలింది. ఎనిమిదో రోజుకు ముప్పైతొమ్మిది మంది తప్పో ఒప్పో టైపు చేయడం మొదలుపెట్టారు. జైనూర్ గంగుబాయి పేరు పక్కన మాత్రం ఖాళీ. మళ్లీ ఫోన్ చేసింది.

"గంగుబాయక్కా, అవునో కాదో ఒక్క ముక్క కొట్టరాదే. సర్టిఫికెట్ రాకుంటే పని వోతది."

అవతల గంగుబాయి గొంతు తగ్గించింది.

"నాకు అక్షరం రాదు బిడ్డా. ఎవలకు చెప్పకు. క్లాసులు షురూ గాకముందే సారు ఫోన్ జేసిండు, ఇయ్యాల ఏం కూర వండినవని. మాటల మీద నేనే చెప్పిన, బడి మొఖం సూడలే సార్, నాతోని గాదు, పని ఇడిసిపెడ్తనని. నవ్విండు. ఫికర్ చెయ్యకు, నాకు సప్పుడు లేకుంటే పాఠమే రాదు, అందరితోని పల్లేలు కొట్టిపిస్త అన్నడు."

మమతారాణికి తల కొట్టేసినట్టయింది. తన మీద తనకు సిగ్గేసింది, ఆయన మీద కోపమూ వచ్చింది. నేరుగా సారు బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నాకన్న చెప్పద్దా సార్?"

"చెప్తే నువ్వు రిపోర్టుల రాస్తవ్. రాస్తే అందరు సదువుతరు. నూరుమంది పిల్లల కడుపు నింపే మనిషి గీ వయసుల తల దించుకోవాల్నా? ప్రతి బ్యాచ్‌ల గిట్ల ఒకలు ఉంటరు బిడ్డా. అందుకే అందరితోని కొట్టిపిస్త."

"మరి పరీక్షల ఎట్ల?"

"ఇన్నాళ్లు పరీక్ష సుత పల్లేల మీదనే నడిచింది. ఇప్పుడు గదే సమజైతలేదు" అన్నాడు సారు, బుర్ర గోక్కుంటూ.

మమతారాణి శిక్షణ నియమావళి పుస్తకం తీసి సాయంత్రం దాకా కదలకుండా చదివింది. నలభైఆరో పేజీలో దొరికింది: శిక్షకుడు కోరితే బ్యాచ్ మొత్తానికి ప్రశ్నలు నోటితో అడగవచ్చు, సైగతోనైనా చప్పుడుతోనైనా జవాబు తీసుకోవచ్చు. పదేళ్లుగా ఊళ్లన్నింటికీ నియమాలు చెప్పే మహానుభావుడు తన పుస్తకం ఒక్కనాడూ విప్పి చూడలేదన్నమాట! అప్పటికప్పుడు దరఖాస్తు రాసి, ఆయనతో సంతకం పెట్టించి హైదరాబాదుకు పంపింది.

నియమం నియమమే కాబట్టి భానుప్రసాద్ కాదనలేకపోయాడు. కానీ పరీక్ష రోజు ముఖం చిట్లించుకుని తానే తెర మీదికొచ్చి కూర్చున్నాడు. మనిషికి అయిదు ప్రశ్నలు. పదిమంది అయ్యేసరికి ఆయనకు అనుమానం వచ్చింది.

"వీళ్లు ఒకరి దెబ్బ విని ఒకరు కొడుతున్నారు. ఒక్కటి తప్ప మైకులన్నీ ఆపండి. ఆ జైనూర్ ఆవిడను నేనే అడుగుతాను."

చాట్‌లో ఎన్నడూ పలకని పేరని ఆయన ఆమెనే ఏరుకున్నాడు. తెర మీద గంగుబాయి కొంగు నడుముకు బిగించి గంటె పట్టుకుంది. నాలుగు ప్రశ్నలకూ తడుముకోకుండా కొట్టింది, నాలుగూ ఒప్పే.

"చివరి ప్రశ్న. పొద్దున వండిన పప్పు మిగిలింది. చూడ్డానికి బాగుంది, వాసనా లేదు. అట్లాగే బయట ఉంచి రాత్రికి పిల్లలకు పెట్టొచ్చా?"

గంగుబాయి రెండు కొట్టింది. తర్వాత మూడు, నాలుగు, అయిదు. ఆపదే!

"రెండు చాలమ్మా!" అని చెవులు మూసుకున్నాడు భానుప్రసాద్.

"ఎక్కడ చాల్తయి సార్! కంటికి కనవడని పురుగు వడ్తది అండ్ల. పిల్లలకే గాదు, గా పప్పు మీకు సుత పెట్టద్దు!"

అంత అధికారీ పగలబడి నవ్వాడు. "పాసమ్మా, నువ్వు పాస్! నువ్వు వండితే నేనూ వచ్చి తింటాను" అన్నాడు. సాయంత్రానికి నలభై మందీ గట్టెక్కారు. గంగుబాయి వచ్చే ఏడు కూడా జైనూర్ వంటగదిలోనే ఉంటుంది.

లాప్‌టాప్ మూసి, సంతోషం పట్టలేక మమతారాణి అంది: "సార్, ఇగ మిమ్మల్నెవ్వరు ఆపరు. వచ్చే బ్యాచ్‌కు పల్లేలే గాదు, బిందెలు సుత కొట్టిపిద్దం!"

సారు పలకలేదు.

"సార్! మీకే చెప్తున్న!"

ఆయన హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టాడు. ఆ పైన కుడిచెవిలోంచి ఒకటి, ఎడమచెవిలోంచి ఒకటి, వేలెడేసి దూది ముక్కలు లాగాడు.

"ఏమన్నవ్ బిడ్డా? గట్టిగ అనకు, తలకాయ పగులుతున్నది. నాకు చిన్నప్పటిసంది సప్పుడంటే అస్సలు పడది."