తాళమేసిన ఇంట్లో దీపం

అక్కయ్యా, మోకాళ్లెలా ఉన్నాయి? తమ్ముడూ, బీపీ మాత్రలు మానలేదు కదా? పిల్లలూ, జ్వరాలు తగ్గాయా? నాకైతే సాయంత్రం నుంచి గుండెదడే.

మా పక్కిల్లు హైదరాబాదు వాళ్లు సెలవులకని కొన్నారు. ఏడాదంతా తాళమే. ఇల్లు చీకటిగా ఉండకూడదని రోజూ నా చేత దీపం పెట్టిస్తారు. చేపలమ్మే మంగ ఇవాళ అది చూసింది. మంగ ఉండే అద్దిల్లూ అలాగే ఎవరో కొన్నారు. నెలాఖరుకి ఖాళీ చేయాలి, ఊళ్లో వేరే ఇల్లు దొరకడం లేదు.

"మనుషుల్లేని ఇంటికి దీపమేంటండి మామ్మగారూ? నా పిల్లల్నెక్కడ పడుకోబెట్టనండి?"

"నన్నంటావేంటే? తాళం నా దగ్గరుందిగానీ ఇల్లు నాదా?"

అన్నానేగానీ ఆ మాట నాకే నచ్చలేదు. వెంటనే ఫోన్ చేసి, మంగకి అద్దెకిమ్మని హైదరాబాదు వాళ్లనడిగాను. వచ్చాక చూద్దామన్నారు. మీరైతే ఇస్తారా, చెప్పండి?

ఆదివారం వస్తున్నారు. ఆ పూట దీపం మంగ చేతే పెట్టిస్తాను.